ఆష్‌బీ సూరాయమ్మ

ఇంగ్లండులో ఆష్‌బీలంతా ఒక్కరోజే తుడిచిపెట్టుకుపోయినా ఆ వంశానికి లోటు లేదు. కువైట్‌లో మా కోనసీమ సూరాయమ్మ ఉంది. అహ్మదిలో ఆష్‌బీ అనే ఇంజనీరు దొర ఇంట్లో ఆవిడ ఇరవై రెండేళ్లు వంట చేసింది. ఇక్కడ వంటమనిషికి పనిచేసే ఇల్లే ఇంటిపేరు. దొర వెళ్లిపోయి, ఆవిడ సల్వాలో వేరే ఇంట చేరినా ఆ పేరు వదల్లేదు. ఎవరైనా పేరడిగితే ముందు చేతులు తుడుచుకుని, తర్వాత చెబుతుంది.

మొన్న శుక్రవారం సెలవుకు సూరాయమ్మ తన మనవరాలు దేవిక ఉండే గదికి వచ్చినప్పుడు, దొర తమ్ముడి మనవడు పూలగుత్తితో దిగాడు. తమ ఇంటిపేరు ఎక్కడ పుట్టి ఎన్ని దేశాలు తిరిగిందో రాస్తున్నాడట. కువైట్‌లో ఇంకా ఒక ఆష్‌బీ ఉందని ఎవరో చెప్పారట. చాపంత వంశవృక్షం నేలమీద పరిచాడు. అందులో దొర పేరు పక్కనే సూరాయమ్మ పేరుంది. దేవిక వచ్చీరాని ఇంగ్లీషుతో ఇద్దరి మధ్యా మాటలు మోసింది. ఆష్‌బీ అన్నది తమ పూర్వీకుల ఊరని అతను చెప్పాడు.

"ఆయ్, మా ఇంటిపేర్లూ ఊళ్లేనండి బాబూ" అని ఆవిడ సంబరపడి పెసరట్టు వేసింది.

రెండో అట్టు దగ్గర ఆవిడ వంటమనిషని తెలిసి, అతను సిగ్గుపడుతూ ఆ పేరు కొట్టెయ్యడానికి పెన్ను తీశాడు. సూరాయమ్మ వెళ్లి సరిగ్గా తన పేరు మీద కూర్చుంది.

"లే అమ్మమ్మా, మన ఇంటిపేరు మనకుందిగా" అని దేవిక నవ్వింది.

"దాంతో నన్నిక్కడ పిలిచినోడెవడే? ఆ ముసలాయనకి బీపీ వత్తే ఉప్పు తగ్గించి బతికించింది నేను. నన్ను కొట్టేత్తే ఆయన్నీ కొట్టెయ్యమను."