గండభేరుండం స్టాంపు అంచు కత్తిరించిందెవరు?

మా చిన్నప్పుడు మగ్గం మీదినుంచి చీర దిగిందంటే కత్తెర నా చేతికొచ్చేది... అంచున వేలాడే దారప్పోగులన్నీ సాపుగా కత్తిరించాలి. ఎమ్మిగనూరులో మా ఇంటి పిల్లల పని అది. ఒక్క పోగు మిగిలినా మా జేజి, అంటే నాయనమ్మ, ఊరుకునేది కాదు.

"కండ్లు యాడ పెట్టుకోనుండావే? అంచు సాపుగా లేకుంటే షావుకారి చీర మొగాన కొడతాడు!"

అలా పెరిగిన పిల్లకు వేసవి సెలవుల్లో స్టాంపుల పుస్తకం దొరికితే ఏం చేస్తుంది...?

ఆ పుస్తకం మా చిన్నాయనది. నేత ఆయన పని, స్టాంపులు ఆయన పిచ్చి. ఆదోనిలో ఎవరో పాత పత్తి వ్యాపారి ఇంటి కాగితాలు తూకానికి వేస్తుంటే, అందులోంచి కవర్లు ఏరి తెచ్చుకున్నాడు. వాటిలో ఏడు స్టాంపుల మీద దేశం పేరే లేదు. రెండు తలల పక్షి మాత్రం ఉంది. రెండు తలల పక్షి అంటే మాకు మైసూరు రాజుల గండభేరుండమే కదా... సరిహద్దు దాటి వచ్చే కర్ణాటక బస్సుల మీద రోజూ చూసేదే. అందుకే చిన్నాయన నోటుపుస్తకంలో ఒక పేజీ పైన "మైసూరు రాజ్యం" అని రాసి, ఆ ఏడింటినీ మడతలో దాచుకున్నాడు.

నాకేమో వాటి అంచులు నచ్చలేదు. పళ్ళు పళ్ళుగా, కొరికిన గుడ్డలాగా... ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూర్చుని కత్తిరించాను. మగ్గానికి కాచిన గంజి తెచ్చి వరసగా అతికించాను కూడా. అంత ఒద్దిగ్గా నేను చేసిన పని ఇంకొకటి లేదు!

చిన్నాయన చూసి ఏమన్నాడో గుర్తు లేదు. తిట్టలేదని మాత్రం గుర్తు.

ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. ఆమధ్య నేను ఊరికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"నువ్వు కాలేజీలో చదువు చెప్తాండావు గదా పాపా, ఇవి ఏ కాలానివో కనుక్కో. దుడ్లు కాదు నాక్కావాల్సింది. ఇన్నేండ్లూ మీ పిన్నమ్మ మొదలుకొని అందరూ చిత్తుకాగితాలనిరి. ఒక్కటన్నా ఇలువైంది ఉండాదని తెలిస్తే సాలు."

సరేనని నేను పనిచేసే కడపకు తెచ్చుకున్నాను... అక్కడ మొదలయ్యాయి నా తిప్పలు.

ఫోటో తీసి పెడితే ఫోన్‌లో ఒక యాప్ సెర్బియా అంది. ఇంకొకటి రష్యా అంది. స్టాంపుల గ్రూపులో పెడితే ఒకాయన "లక్షలు పలుకుతుంది మేడమ్" అన్నాడు, ఇంకొకాయన "పది రూపాయలు కూడా రావు" అన్నాడు, మూడో ఆయన "అమ్ముతారా అక్కా" అని ఇన్‌బాక్స్‌లోకి వచ్చేశాడు! నలుగురిని అడిగితే నాలుగు మాటలు... చివరికి కింద సన్నటి అక్షరాల్లో ఉన్న 'క్రూజర్' అనే మాట పట్టుకుని వెతికితే, అది ఆస్ట్రియా వాళ్ళ పాత నాణెం పేరని తేలింది. ఆదోని పత్తి అంత దూరం పోయేదేమో! ఇంతమాత్రం తేలడానికి నెల పట్టింది. ఆస్ట్రేలియా కాదు, ఆస్ట్రియా అని ఇంట్లో వాళ్ళకు రోజూ చెప్పలేక చచ్చాను.

కడపలోనే గడియారాలు బాగుచేసే ఒక సాయిబుగారికి పాత స్టాంపుల గురించి బాగా తెలుసన్నారు. ఆయన కంటికి అద్దం పెట్టుకుని పేజీ అంతా చూశాడు.

"ఈ ఆరూ పళ్ళున్నవమ్మా. ఎవరో పళ్ళు కోసినారు. ఇంక వీటికి ఏం లేదు."

నీలంది మిగిలింది కదా అని దాని మీద వేలు పెట్టాను.

"ఈ నీలంది చూడు... తొమ్మిది క్రూజర్లది. ఆ దేశం వేసిన మొదటి స్టాంపుల్లోది. దీనికి పళ్ళు మొదటినుంచే ల్యావు. చుట్టూ తెల్లంచు ఎంత మిగిలింటే అంత ఖరీదు. దీనికి అంచే లేదు గదా!"

"ఎప్పుడు కత్తిరించారో చెప్పగలరా...?"

"అది కత్తెరనడగాల. నన్నడిగితే ఎట్ల? ఆ కాలంలో తపాలాఫీసోళ్ళే కత్తెరతో కోసిస్తాండ్రి. ఆ గుమాస్తా తొందరలో కోసింటాడు. లేకుంటే మీ ఇంట్లో ఎవరన్నా."

అంటే నూట డెబ్బై ఏళ్ళ కిందటి గుమాస్తానో, ఎనిమిదేళ్ళ నేనో! పళ్ళున్న ఆరింటినీ కత్తిరించిన సంగతి కళ్ళకు కట్టినట్టుంది. ఈ నీలం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏమీ గుర్తు రాదు. ఎంత తలబాదుకున్నా రాదు.

ఆ సాయంత్రమే చిన్నాయనకు ఫోన్ చేశాను.

"అది మైసూరుది కాదు చిన్నాయనా, ఆస్ట్రియాది. నీలంది ఆ దేశం తొలి స్టాంపుల్లోదంట. నిజమైందే."

"చూస్తివా...! ఉండు, మీ పిన్నమ్మకు ఫోనిస్తా, ఆ మాట ఆమెకు చెప్పు!"

"ఆగు చిన్నాయనా... అంచు పోయింది, దానికిప్పుడు పెద్ద విలువ లేదంట. చిన్నప్పుడు నేనే కత్తిరించింటానేమో."

"నువ్వు కాదులే పాపా. ఆ నీలంది వచ్చినప్పుడే అట్లుండె."

"నిజంగా గుర్తుందా? నేను బాధపడతానని అంటాండావా?"

"ఏందిమ్మే, పోలీసోళ్ళ మాదిరి అడుగుతాండావు!" నవ్వేసి, ఫోన్ పిన్నమ్మకిచ్చేశాడు.

పొద్దున ఏం తిన్నాడో సాయంత్రానికి మరిచిపోయే మనిషికి, అంత పాత అంచు ఎలా గుర్తుంటుంది...? ఆయనకేమో నిజమైందన్న ఒక్క మాట చాలింది. నాకే చాలడం లేదు. ఎవరి మీద విసుక్కోవాలో కూడా తెలియడం లేదు.

ఇప్పుడు మా ఇంటికొచ్చే కవర్ల మీద నల్లగీతల బార్‌కోడ్ స్టిక్కరే తప్ప స్టాంపు ఉండదు. దాచుకునేందుకూ లేదు, పాడుచేసేందుకూ లేదు...

బాగుచేస్తున్నామనుకుని పెద్దవాళ్ళ వస్తువు మీరూ ఏదైనా పాడుచేశారా? "నువ్వు కాదులే" అని వాళ్ళు అన్నారా? అంటే... అది నిజమో, మీ కోసం ఆడిన అబద్ధమో ఎలా తెలుసుకున్నారో కాస్త నాకు చెప్పండి. చిన్నాయన ఉండగానే తెలుసుకోవాలని ఉంది.