తమ్ముడు ఫోనులో కట్టిన మేడ

మా అమ్మకి ఫోనులో నంబరు వెతకడం రాదు. ఎవరితోనైనా మాట్లాడాలంటే నాన్న చేతికిచ్చి కలపమంటుంది, మాట్లాడటం అయ్యాక మళ్ళీ ఆయన చేతికే ఇచ్చేస్తుంది, ఎర్ర బొత్తం ఎక్కడుందో చూడనైనా చూడదు. అలాంటి మనిషి మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడకి చేరబడి, రెండు బొటనవేళ్ళతో మా తమ్ముడి ఫోను పట్టుకుని ఆట ఆడుతుంటే మొదటిసారి చూసి నాకు భయమేసింది. చప్పుడు మొత్తం పెట్టేసుకునేది. ఇసక మీద అడుగులు, చెక్క తలుపు తీసిన కిర్రు, కోళ్ళ అరుపులు. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న నాకు ఆ తలుపు చప్పుడు వినపడ్డప్పుడల్లా తల వాకిలివైపు తిరిగిపోయేది. వాకిట్లో ఎవరూ ఉండేవారు కాదు. అప్పటికి తమ్ముడు సముద్రంలో పోయి ఏడాది దాటింది.

అమ్మా నాన్నా అండమాన్‌లో, బాంబూఫ్లాట్‌లో ఉంటారు. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, మేమందరం ఇక్కడే పుట్టాం. నాన్న సర్కారు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. నేను టీచర్ని, నీళ్ళకి అవతల పోర్ట్‌బ్లెయిర్ లంబాలైన్‌లో ఉంటాను, ఆదివారం ఆదివారం ఫెర్రీ పడవ ఎక్కి ఇవతలికొస్తాను. తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు. జెట్టీ దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసేవాడు, మిగతా వేళంతా ఫోనులో తల దూర్చి ఉండేవాడు. వాడి మెడ ఎప్పుడో ఒకప్పుడు అలాగే వంగి ఉండిపోతుందని నేను తిట్టేదాన్ని.

ఇప్పుడంటే సముద్రం అడుగున కేబులేశారు గానీ, మేం పెరిగిన రోజుల్లో ఇక్కడ నెట్టు ఆకాశంలో శాటిలైట్ నుంచి చుక్కచుక్కగా రాలేది. ఒక ఫొటో పంపి, వంట చేసుకుని, తిని వచ్చి చూస్తే ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. అందుకని ద్వీపంలో పుట్టిన ప్రతివాళ్ళకీ ఒక అలవాటు. కొత్త ఫోను చేతికి రాగానే ముందు అన్నీ ఆపేస్తాం. అప్‌డేట్లు ఆపు, బ్యాకప్ ఆపు, లాగిన్ అడిగితే వద్దను. మెయిన్‌ల్యాండ్ వెళ్ళినవాళ్ళని మిఠాయిలు తెమ్మని అడిగేవాళ్ళం కాదు, మెమరీ కార్డు ఇచ్చి ఆటలు ఎక్కించుకు రమ్మనేవాళ్ళం. వైజాగ్ ఓడ వచ్చిందంటే చాలు, ఆ వారం బాంబూఫ్లాట్ కుర్రాళ్ళందరిదీ ఒకటే ఆట. కేబులొచ్చాక నెట్టు పరుగెత్తింది గానీ మా చేతులు మాత్రం అలవాటుగా అన్నీ ఆపేస్తూనే ఉన్నాయి.

ఆటల మాటలు మా ఇళ్ళల్లోకి వచ్చి ఎప్పుడు కూర్చున్నాయో నేను కనిపెట్టలేదు. ఫెర్రీలో ఒక పెద్దావిడ పక్కావిడతో, "మా ఆయనకి ఏం చెప్పినా లాగ్ అవుతాడమ్మా, పొద్దున్న అడిగితే సాయంత్రం పలుకుతాడు" అంటుంటే నవ్వాపుకోలేకపోయాను. పరీక్ష పోయిన పిల్లలు "మేడమ్, ఇంకొక్క లైఫ్ ఇవ్వండి" అని నా వెంట పడేవారు. అవన్నీ అప్పట్లో ముచ్చటగానే ఉండేవి. తమ్ముడు పోయాక ఫెర్రీలో కుర్రాళ్ళు ఫోన్ల మీద వంగి "మర్ గయా, మర్ గయా" అని అరిచి, చచ్చిపోయానని నవ్వి, మరుక్షణం మళ్ళీ లేచి ఆడుకుంటుంటే నా ఒళ్ళు మండిపోయేది. లేచి ఆ చివరికి పోయి నిలబడేదాన్ని. అక్కడా ఎవడో ఒకడు చచ్చి బతుకుతూనే ఉండేవాడు.

తమ్ముడు పోయింది ఒక సెలవు రోజున. పొద్దున్నే ఇద్దరు స్నేహితులతో డింగీలో, చిన్న పడవలో, చేపలకి వెళ్ళాడు. గాలి తిరిగి డింగీ బోల్తా పడింది. ఆ ఇద్దరూ ఖాళీ డబ్బా పట్టుకుని తేలుతుంటే వేరే పడవవాళ్ళు లాగారు. వీడు దొరకలేదు. పడవలు వెతికాయి, హెలికాప్టరు తిరిగింది, చేపలవాళ్ళు తీరమంతా నడిచారు. చెప్పు కూడా దొరకలేదు. తడిసిపోతుందని ఫోను మాత్రం దిండు కింద పెట్టి వెళ్ళాడు.

మనిషి దొరకనప్పుడు దర్భగడ్డితో బొమ్మ చేసి, దాన్ని మనిషిగా అనుకుని దహనం చేసి, కర్మ చేస్తారు మాలో. నాన్న కొన్నాళ్ళు ఆగి ఆ మాట ఎత్తాడు. అమ్మ ఇంతెత్తున లేచింది.

"ఆడు పోయాడని నీకెవుడు సెప్పాడు? నువ్వు సూశావేటి? గడ్డి తగలెట్టి కొడుకంటావా?"

ఇంక నోరెత్తనివ్వలేదు. ఆవిడని కాదని చెయ్యడం నాన్నకి చేతకాదు. తన ఆరోగ్యం అంతంతమాత్రం, తను ఉండగా తన చేత్తో ఆ పని కాకపోతే కొడుకు అలా ఏ గతీ లేకుండా నీళ్ళల్లో తిరుగుతూ ఉంటాడని ఆయన బెంగ. శ్రీకాకుళం వైపు ఊళ్ళోనే ఉండిపోయిన పెదనాన్న ఫోన్ చేసినప్పుడల్లా అదే అడిగేవాడు, నాన్న ఏదో చెప్పి తప్పించుకునేవాడు. నన్ను అమ్మకి నచ్చజెప్పమనేవాడు. నాకూ అది అయిపోతే బాగుండుననిపించేది, అయిపోతుందంటే వద్దనిపించేది.

అమ్మ ఆడే ఆ ఆటలో అన్నీ దిమ్మలే. మట్టి దిమ్మ, రాతి దిమ్మ, చెక్క దిమ్మ, ఏరుకుని తెచ్చి ఏం కావాలంటే అది కట్టుకోవడమే. తమ్ముడు అందులో మా బాంబూఫ్లాట్ కట్టాడు. జెట్టీ, జెట్టీ మెట్లు, కొండ, రేకుల కప్పుతో మా ఇల్లు, పెరట్లో కోళ్ళగూడు. మా ఇంటి మీద, నిజంగా లేని మేడ ఒకటి కట్టాడు. పెళ్ళి చేసుకునే ముందు పైన గది వేస్తానని అమ్మకి ఎప్పటి నుంచో మాటిస్తూ ఉండేవాడు, ఆ గది. మంచం, దీపం, సముద్రం కనపడే కిటికీ. తను స్నానానికి పోతూ ఫోను అమ్మ చేతిలో పెట్టి, "ఒలమ్మా, ఆ కోళ్ళకి కాసింత గింజలెయ్యి" అనేవాడు. అమ్మ విసుక్కుంటూ వేసేది. ఆవిడకి ఆ ఆట అలా వచ్చింది.

వాడు లేకుండా ఆడటం మొదలుపెట్టిన కొత్తలో, నేను వచ్చిన ఒక ఆదివారం, అమ్మ ఆ ఇల్లంతా గదిగదీ తిరిగి నన్ను పిలిచింది.

"ఏటే, ఇల్లంతా సూశాను. ఆడు కనపడడేటి?"

"నువ్వే వాడు అమ్మా. వాడి కళ్ళతో చూస్తున్నావు, అందుకని వాడు కనపడడు" అన్నాను. అని ఊరుకుంటే పోయేది. సెట్టింగుల్లోకి పోయి ఒకటి నొక్కాను. బొమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. నీలం చొక్కా, రేగిన జుట్టు, పైపెదవి మీద రెండు నల్ల గళ్ళ మీసం. వాడు వేలితో గడిగడీ నింపి గీసుకున్న తన బొమ్మ. ఏమీ చెయ్యకపోయినా చేతులు కొద్దికొద్దిగా కదులుతూ ఉంటాయి ఆ ఆటలో, ఊపిరి తీస్తున్నట్టు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎప్పుడూ అలా పెట్టుకునే ఆడింది.

అమ్మ ఆ ఇంటికి కొన్ని పద్ధతులు పెట్టింది. ఆ ఆటలో వాన పడితే వాణ్ణి బయట ఉంచదు. అక్కడ చీకటి పడేలోపు మేడ ఎక్కించి మంచం మీద పడుకోబెట్టాలి, అప్పుడే ఫోను కట్టేస్తుంది. కరెంటు పోయి చార్జింగ్ అయిపోతుంటే, "ఆడు రోడ్డు మీదున్నాడే" అని కంగారు పడేది. నాన్నకి ఒళ్ళు మండి, "ఎవుడు రోడ్డు మీదున్నాడు?" అని ఒకసారి గట్టిగా అరిచాడు. అమ్మ ఫోను తీసుకుని వెనక గదిలోకి పోయి తలుపేసుకుంది. తలుపు అవతల నుంచి మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. మా ఇంటికి మెట్లు లేవు. నాన్నా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోకుండా కూర్చున్నాం.

ఇంకో ఆదివారం చూద్దును కదా, ఆ ఊళ్ళో సముద్రం కనపడటం లేదు. ఈ చివర నుంచి ఆ చివరిదాకా నల్లరాతి గోడ. జెట్టీ మెట్లు కూడా మూసేసింది. అన్ని రాళ్ళు ఎప్పుడు తవ్విందో, ఎన్ని మధ్యాహ్నాలు పట్టిందో.

"ఈ గోడేంటమ్మా?"

"ఏటుంది, నీళ్ళు" అంది, అదేదో నాకు తెలియనట్టు.

నాకు తమ్ముడి మీద పిచ్చికోపం వచ్చింది. పోయినవాడు పోక, ఒక ఇల్లు కట్టి, అందులో ఒక బొమ్మని నిలబెట్టి, ఆవిడని కాపలా పెట్టి పోయాడు. ఆ రాత్రి లంబాలైన్‌లో నా ఇంట్లో కూడా చెక్కతలుపు కిర్రుమన్నట్టనిపించింది. మాది ఇనుప తలుపు.

చివరికి బ్యాటరీ పొంగి ఫోను వీపు ఉబ్బింది. ఇక్కడి ఉప్పుగాలికి ఏదీ ఎక్కువ కాలం ఆగదు. వెనక రేకు లేచిపోయి, తెర మీద పచ్చగీత పడి, రోజురోజుకీ లావెక్కింది. అమ్మని ఫెర్రీ ఎక్కించుకుని పోర్ట్‌బ్లెయిర్ బజార్లో ఫోన్లు బాగుచేసే కొట్టుకి తీసుకెళ్ళాను. దారంతా దాన్ని కొంగులో మూటగట్టి ఒళ్ళో పెట్టుకుంది. కొట్టతను చూస్తూనే వెనక్కి జరిగాడు.

"అరే దీదీ, యే తో బాంబ్ హై! ఇన్నాళ్ళు ఈ బాంబుని చార్జింగ్ పెట్టారా?"

ఇందులో ఉన్న ఆట పోకూడదని చెప్పాను. లాగిన్ ఉందా అని అడిగాడు. లేదన్నాను. నవ్వాడు. "అండమాన్‌వాలా! నాది కూడా అన్నీ బంద్" అన్నాడు. లాగిన్ ఉంటే కొత్త ఫోనులో అన్నీ వాటంతటవే దిగేవట. ఇప్పుడు తీగ పెట్టి, ఆట సరుకున్న ఫోల్డరు మాత్రం లాగుతానన్నాడు. నేను తెచ్చిన కొత్త ఫోను పక్కన పెట్టుకుని పనిలో పడ్డాడు. అమ్మ స్టూలు మీద ముందుకు వంగి కూర్చుంది. ఫోల్డరు ఇటు వచ్చేసిన కాసేపటికి పాత ఫోను తెర ఆరిపోయింది, మళ్ళీ వెలగలేదు. విప్పి చూపించాడు. లోపలంతా ఉప్పు తినేసింది.

కొత్త ఫోనులో ఆట తెరుచుకుంది. మేడ వచ్చింది, మంచం, దీపం వచ్చాయి. కిటికీలోంచి గోడ కనిపించింది. కింద కోళ్ళు అరుస్తున్నాయి. అమ్మ మొహం వెలిగింది. ఫోను అందుకుని, వాణ్ణి మంచం మీద నుంచి లేపి, బొమ్మని ఎదురుగా తెచ్చే, నేను అప్పుడు నొక్కిన బొత్తం తనే వెతుక్కుని నొక్కింది.

ఎదురుగా ఎవడో ఉన్నాడు. ఆట కొత్తగా మొదలుపెట్టిన ప్రతివాడికీ ముందు ఇచ్చే బొమ్మ. నున్నగా దువ్విన జుట్టు, మీసం లేని మొహం. తమ్ముడి గదిలో, తమ్ముడి మంచం పక్కన నిలబడి, చేతులు కొద్దికొద్దిగా కదుపుతూ మా అమ్మని చూస్తున్నాడు.

"ఎవుడీడు?" అంది అమ్మ.

"వో అలగ్ ఫైల్ హోతా హై, అమ్మా" అన్నాడు కొట్టతను మెల్లగా. మొహం, చొక్కా వేరే ఫైల్లో ఉంటాయి, అది దాంట్లోనే ఉండిపోయింది అని ఆరిపోయిన ఫోను వైపు చూపించాడు.

"అమ్మా, నేను గీస్తాను" అన్నాను. "నాకు గుర్తుంది, అచ్చం అలాగే గీస్తాను. అదే చొక్కా, అదే మీసం. ఇక్కడే కూర్చుని గీసిస్తాను, తేడా తెలీదు." అమ్మకి కావాలో నాకే కావాలో తెలియని బతిమాలాట అది.

అమ్మ వినలేదు. వాణ్ణి మెట్లు దింపింది, ఒక్కో గదీ తిప్పింది, పెరట్లోకి తీసుకెళ్ళింది. వాడు ఎటు పొమ్మంటే అటు పోయాడు. కోళ్ళు వాడి కాళ్ళ దగ్గరికి ఎప్పటిలాగే వచ్చాయి. చాలాసేపు అలా తిప్పి, మంచం మీద పడుకోబెట్టకుండానే, వాణ్ణి పెరట్లోనే వదిలేసి ఫోను నా చేతికిచ్చింది.

తిరుగు ఫెర్రీ ఎక్కాం. ఇంటికొచ్చేసరికి నాన్న అరుగు మీద కూర్చున్నాడు. అయిందా అని అడిగాడు నన్ను. నేను నోరు తెరిచేలోపు అమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. అలా పక్కన కూర్చుని ఎంతకాలమైందో.

"ఇల్లంతా వచ్చింది. ఆడే రాలేదు" అంది. మళ్ళీ తనే, "ఆడింక రాడు" అంది. నాన్న చెయ్యి చాపి ఆవిడ మోకాలి మీద పెట్టాడు.

"ఆ గడ్డి బొమ్మకి మొహం ఉంటాదేటి?" అని అడిగింది.

నాన్నకి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల అడ్డంగా ఊపి, "ఉండదే. ఒట్టి గడ్డి కదా" అన్నాడు.

"అయితే సెయ్యి" అంది అమ్మ.