ఓటీపీ నా ఫోనుకే వచ్చింది

నరసరావుపేటలో ఒక స్టార్టప్‌లో రెండేళ్ళు పనిచేశాను. రైతులు మిర్చి బస్తాలకి కోల్డ్ స్టోరేజీలో చోటు బుక్ చేసుకునే వెబ్‌సైటు వాళ్ళది. మొత్తం నేను కట్టిందే. పోయిన నెల మా ఓనరు, "ఇంక నీతో పనిలేదమ్మాయ్, సైటు దానంతటదే నడుస్తది" అని పంపించేశాడు. వెళ్ళేముందు ఏది ఎక్కడుందో పది పేజీలు రాసి వాట్సాప్‌లో పెడితే, "ఏందీ చేంతాడు, ఎవడు చదువుతాడు?" అని స్టాఫందరి ముందూ నవ్వాడు.

ఈ రోజు మధ్యాహ్నం ఆయనే ఫోన్ చేశాడు. సైటు పడిపోయిందంట. సర్వర్‌లోకి లాగిన్ అవుదామంటే ఓటీపీ నా ఫోనుకొచ్చింది.

"చెల్లెమ్మా, ఆ ఓటీపీ కాస్త చెప్పమ్మా. ఎడ్లపాడులో కోల్డ్ స్టోరేజీ గేటు ముందు ట్రాక్టర్లన్నీ ఆగిపోయినయ్."

మొన్నటి అమ్మాయ్ ఇవాళ చెల్లెమ్మ అయింది!

"చెప్తానన్నా. ముందు నేను పంపిన చేంతాడులో మొదటి పేజీ చదవండి. స్టాఫంతా వినేట్టు."

గొణుక్కుంటా చదివాడు. ఆ పేజీలో ఆఖరి లైను: "లాగిన్ ఓటీపీ నా ఫోనుకొస్తుంది. నేను వెళ్ళేలోపు ఫోన్ నంబరు మార్చుకోండి." అక్కడికొచ్చేసరికి ఓటీపీ టైము కాస్తా అయిపోయింది.

"ఇంకోటి పంపించండన్నా. ఆ లైనొక్కటే మళ్ళీ చదవండి, గట్టిగా."

చదివాడు. చెప్పాను. ఎండలో రైతులు నిలబడ్డారు కాబట్టి అంతటితో వదిలేశాను.

ఇది టైపు చేస్తుంటే ఇప్పుడే నా ఫోనుకి ఇంకో ఓటీపీ వచ్చింది. అంటే నంబరు ఇంకా మార్చుకోలా. ఈసారి పది పేజీలూ చదివించనా, ఏమంటారు?