ఇండోనేషియా ఎలక్షన్‌కు బోయకొండ మొక్కు

పుంగనూరులో ఇండోనేషియా ఎలక్షన్ కోసం ఎదురుచూసిన మనిషిని నేనొక్కదాన్నే అయివుంటాను. తొంభై తొమ్మిది మాట అది. మా ఆయన మదనపల్లె స్పిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి, పెళ్లయిన ఏడాదికే ఇండోనేషియాలో ఒక నూలు మిల్లుకు వెళ్లాడు. ముప్పై ఏళ్లు ఆ దేశాన్ని ఏలిన సైన్యాధికారి అంతకుముందు ఏడాదే గద్దె దిగాడు. ఆ గొడవల్లో ఊళ్లు తగలబడ్డాయి. మిల్లువాళ్లు మనవాళ్లలో సగం మందిని విమానమెక్కించి ఇళ్లకు పంపేశారు. మిషన్లు చూసుకోవడానికి ఉంచుకున్నవాళ్లలో మా ఆయన ఒకడు. ఏరికోరి మంచి పనివాణ్ణి చేసుకున్నందుకు నాకు దక్కిన ఫలం.

నాది ఒంటిగది. పగలంతా జాకెట్లు కుట్టేదాన్ని. మిషను తొక్కుతున్నంతసేపూ ఫరవాలేదు, ఆపితే గదిలో ఉండబుద్ధయ్యేది కాదు. ఒక్కదానికి వండుకోవడం చేతకాక సంగటి ఎప్పుడూ మిగిలిపోయేది. ఆదివారాలు ఎస్టీడీ బూతు దగ్గర కూర్చునేదాన్ని. ఫోను వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు.

"ఎలక్షన్ వస్తాండాది. గొడవల్లేకుండా అయిపోతే లీవు ఇస్తామంటాండారు," అన్నాడొకసారి.

"అయిపోతాదిలేప్పా. నువ్వు మాత్రం బయట తిరగొద్దు," అన్నాను.

ఆ మాట పట్టుకునే బోయకొండ ఎక్కాను. మా వైపు ఏ పని తలపెట్టినా అక్కడి గంగమ్మను పువ్వు అడుగుతాం. పూజారి అమ్మవారి తల మీద పువ్వులు పెడతాడు. మనసులో కోరిక చెప్పుకుని చూస్తూ నిలబడాలి. కుడి పక్కకు రాలితే తీరుతుందని, ఎడమకు రాలితే ఆలస్యమని నమ్మకం. అందరూ బోరు పడాలనో, పిల్లకు సంబంధం కుదరాలనో వస్తారు. నేను మాత్రం, తల్లీ, ఆ దేశంలో ఎలక్షన్ చల్లగా జరిగిపోవాల, కోడినిచ్చుకుంటా అని మొక్కాను. పువ్వు కుడి పక్కకే పడింది. తోడొచ్చిన పక్కింటి అక్కకు చెబితే నవ్వలేక మెట్ల మీద కూలబడింది.

"మన వార్డు కౌన్సిలరుకే ఓటెయ్యకుండా పండుకుంటివి. యాడో దేశం ఎలక్షన్ నీకు యాలమ్మా?"

జూన్ నెలలో ఆ అక్క ఇంట్లో టీవీ వార్తల్లో ఆ ఎలక్షన్‌ను కొంచెంసేపు చూపించారు. ఆడవాళ్లు వరుసలో నిలబడి నవ్వుతూ, సిరాలో ముంచిన వేళ్లు ఎత్తి చూపిస్తున్నారు. పెద్దగా గొడవల్లేవన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి ట్రంకుపెట్టెలోంచి ఆయన చొక్కాలు తీసి, ఉతికి ఆరేశాను.

ఫోను ఆ నెలాఖరుకు వచ్చింది.

"అంతా బాగుండాది. జనాలు ఎంత సంతోషంగా ఉండారో సూడల్ల! ఆర్డర్లు మళ్లీ వస్తాండాయి, మూడో షిఫ్టు పెట్టినారు. ఇంకో రెండేండ్లకు సంతకం పెట్టేసినా."

"లీవు?"

"కొత్త మిషన్లు దిగినాయి గదా. ఈ యేడు కుదరదంట."

పాపం, సంతోషం దాచుకోలేకపోతున్నాడు. బూతాయన వింటున్నాడని "మంచిదప్పా" అన్నాను. పెట్టేశాక దారి పొడుగునా ఏడ్చాను. గొడవలు జరిగుంటే వచ్చేసేవాడు కదా అనిపించింది. అలా అనిపించినందుకు నా మీద నాకే భయం వేసింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా గంగమ్మ అడిగింది పెట్టింది, అడగనిది పెట్టలేదు. ఆమెననేదేముంది?

మొక్కు తీర్చకుండా ఉండకూడదు. మన పార్లమెంటు ఎలక్షన్ మైకులు ఊరంతా అరుస్తున్న రోజుల్లో, కోడిని చంకన పెట్టుకుని ఒక్కదాన్నే కొండెక్కాను.

"కోరిక తీరిందామ్మా?" అన్నాడు పూజారి.

"తీరింది స్వామీ."

"ఇంగొకసారి పువ్వు పెట్టమంటావా?"

ఆయన రావాలని అడుగుదామనుకున్నాను. పెదవుల దాకా వచ్చింది. కానీ ఆయన ఇప్పుడు రావాలంటే మిల్లు మూతపడాలి. మిల్లు మూతపడాలంటే ఆ ఊళ్లు మళ్లీ తగలబడాలి. అడిగిందల్లా చేసే తల్లి, అదీ చేసిపెడుతుందేమో.

"వద్దులే స్వామీ," అని కొబ్బరిచిప్ప తీసుకుని దిగొచ్చాను.