చదవకుండా దాటేసిన పన్నెండు పేర్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ నోటికి వచ్చిన మాట ఒకటి ఉండేది. పెద్ద కరువులో మా ముత్తాత తన ఊళ్లో ఒక్కరిని కూడా ఆకలితో చావనివ్వలేదు, అని. కోసిగి దగ్గర ఒక పల్లెకు ఆయన మునసబు. ఇంటి ముందు జొన్న గంజి కాయించి ఊరందరికీ పోయించాడట. ఎమ్మిగనూరులో మా ఇంటికి ఎవరు వచ్చినా, మా నానమ్మ ఈ సంగతి చెప్పకుండా మజ్జిగ చేతికిచ్చేది కాదు.

ఆ మునసబు కొడుకే మా తాతయ్య. బడిపంతులు ఉద్యోగం చేసి అప్పటికి దిగిపోయాడు. ఊరివాళ్లు మా ముత్తాత పేరున ఒక రాయి నిలబెట్టాలనీ, ఆయన జీవితం మీద చిన్న పుస్తకం వేయించాలనీ అనుకున్నారు. రాసే పని తాతయ్యకు అప్పగించారు. పది రోజుల్లో అయిపోతుందనుకున్న పని ఏడాది దాటినా తెమల్లేదు. మా నాన్న విసుక్కునేవాడు.

"అందరూ సెప్పేదే గదా నాయనా, రాసేస్తే పాయె."

"అందరూ ఒక్కరి దగ్గర్నే విని సెప్తాండారేమో, ఎవరు సూసినారప్పా?" అనేవాడు తాతయ్య.

అప్పటికే ఆయన రెండు కళ్లకూ పొర కమ్మింది. గోడ మీద రాసినంత పెద్ద అక్షరాలు తప్ప చదవలేకపోయేవాడు. అందుకని ఆ వేసవిలో నన్ను బస్సెక్కించి ఆదోనికి తీసుకుపోయాడు. నాకు పదకొండేళ్లు. అక్షరాలు కలిపి రాసే పాత గొలుసుకట్టు రాతను చదవడం నాకు ఆయనే నేర్పి ఉన్నాడు.

అక్కడి తాలూకా కచేరీలో పాత రిజిస్టర్లు ఉన్న గదిని చూసుకునే సాహెబు ఒకప్పుడు తాతయ్య దగ్గర చదువుకున్నవాడు. తాతయ్యకు కుర్చీ వేసి, నా వైపు తిరిగాడు.

"పాపా, సేతులు సూపీ. మామిడిపండు తిన్యావా? పో, కడుక్కోని రాపో. ఈ కాగితాలు మా అబ్బాజాన్ కంటే పెద్దవి."

"నువ్వు నా బడికి వచ్చేతప్పుడు ఏ పొద్దన్నా కడుక్కున్యావంట్రా?" అన్నాడు తాతయ్య.

సాహెబు నవ్వుతూనే నా సిరా కలం తీసి పక్కన పెట్టి, పెన్సిలు ఇచ్చాడు. తర్వాత ఆ పల్లె జనన మరణాల రిజిస్టరు తెచ్చి, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టాడు. అందులో రాత మా ముత్తాతది. చనిపోయిన తేదీ, పేరు, తండ్రి పేరో భర్త పేరో, వయసు, కారణం. వరసకు ఒక మనిషి.

నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. కరువు నెలలు వచ్చేసరికి పేర్లు ఎక్కువయ్యాయి. మొదటి పేజీలో ఒక తల్లి, ఆమె ఇద్దరు బిడ్డలు వరసగా ఉన్నారు. అది చదివి తల ఎత్తితే తాతయ్య ముఖం చూడలేకపోయాను. ఆయన ఏడవలేదు. దవడ బిగించి, పొర కమ్మిన కళ్లతో కాగితం వైపే చూస్తున్నాడు. మా నానమ్మ చెప్పే మాట నాకు గుర్తొచ్చింది. ఒక్కరిని కూడా చావనివ్వలేదు. ఆ తర్వాత నేను ఒక పేరు చదివి ఒక పేరు వదిలేయసాగాను. ఒకచోట చిన్నపిల్లల పేర్లు వస్తే రెండూ వదిలాను. ఆయనకు కనపడదు కదా అనుకున్నాను. ఆయన మీద ప్రేమతోనే చేశాను.

చివరకు తాతయ్య అడిగాడు. "ఎంతమందైనారమ్మా?"

"పద్నాలుగు మంది తాతా."

ఆయన చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. అందులో పేర్లు సాహెబు రాతలో ఉన్నాయి. ముందు వారమే ఆయన ఒక్కడే వచ్చి, సాహెబు చేత చదివించి రాయించుకుపోయాడట. ఒకరు చదివింది రెండోవారు చదివితే తప్ప నమ్మకూడదని ఆయన పద్ధతి. ఆ సంగతి నాకు చెప్పలేదు.

"దీన్లో ఇరవై ఆరు మంది ఉండారు. కడమ పన్నెండు మంది యాడికి పోయినారు?"

నేను పెన్సిలు కింద పెట్టేశాను.

"నువ్వు సదవకపోతే వాళ్లు బతికొచ్చినారా?"

ఆయన గొంతు పెంచలేదు. సాహెబు బీరువా వైపు తిరిగి, సర్దిన కట్టలనే మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు. తాతయ్య బల్ల మీద వేలితో రెండుసార్లు తట్టి, "ఎనక్కి పో" అన్నాడు. మొదటి పేరు నుంచి మళ్లీ చదివాను. ఈసారి ఏ వరసా దాటలేదు. ఇరవై ఆరు మందికీ కారణం ఒకటే రాసి ఉంది. జ్వరం.

"సిరా ఎట్లుంది?" అని అడిగాడు.

ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. ముందు పేజీలు తిప్పి చూడమన్నాడు. వాటిలో ఒక వరస నల్లగా, ఒక వరస వెలిసినట్టుగా ఉంది. ఒకచోట పాళీ విరిగినట్టు గీత లావైంది. రోజులు మారినట్టే రాతా మారుతూ వచ్చింది. కరువు నెలల్లో మాత్రం ఇరవై ఆరు వరసలూ ఒకే నలుపు, ఒకే వాలు. చూసింది చూసినట్టు చెప్పాను.

తాతయ్య అన్నాడు. "అయితే ఆ పొద్దు ఆ పొద్దు రాసింది కాదు. అంతా అయిపోయినాక ఒకే తూరి కూసోని రాసినాడు మా నాయన." రిజిస్టరు మీద చెయ్యి పెట్టి మళ్లీ అన్నాడు. "కాగితం గూడ మనిషి రాసిందే గదమ్మా. ఎవరు రాసినారు, ఎప్పుడు రాసినారు, ఎవరికి సూపీను రాసినారు, అడగాల."

మరునాడు ఇద్దరం పల్లెకు వెళ్లాం. కరువు రోజుల్లో ఊరి తలారిగా ఉన్నవాడి కూతురు, ముసలవ్వ ఒకామె, అప్పటికింకా బతికే ఉంది. ఊళ్లో ఎవరు చచ్చిపోయినా మునసబుకు చెప్పి రావలసింది తలారే. మేం వెళ్లేసరికి ఆమె గుడిసె ముందు నీడలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తోంది. తాతయ్య చెప్పగా నేను ఇరవై ఆరు పేర్లూ ఆమెకు చదివి వినిపించాను. ఆమె చేతులు ఆగిపోయాయి. రిజిస్టరు మొదటి పేజీలోని ఆ తల్లి ఆమెకు కన్నతల్లి. ఇద్దరు బిడ్డలు ఆమె తమ్ముడు, చెల్లెలు.

"ఏమని రాసినాడప్పా మీ నాయన?"

"జ్వరమని."

"జరమంట!" అంది ఆమె. నవ్విందో దగ్గిందో తెలియలేదు. "జరమొస్తే ఒళ్లు కాలల్ల గదప్పా. మాయమ్మ ఒళ్లు రాయి మాదిరి సల్లగుండె."

తాతయ్య గంజి సంగతి అడిగాడు.

"పోసినాడప్పా, అబద్ధం సెప్పగూడదు. పదైదు దినాలు పోసినాడు. నేనే ముంత పట్టుకోని పోతాంటి. ఆమీట జొన్నలు అయిపోయినాయని కడవ బోర్లేసినారు. కడవ బోర్లేసినాక మావోళ్లు పోయినారు."

"మా పాతరలో జొన్నలు ఉండెనా?"

పాతర అంటే ధాన్యం దాచడానికి నేలలో తవ్వే గొయ్యి. పైన బండ వేసి మట్టి కప్పేస్తే, లోపల ఉందో లేదో బయటివాళ్లకు తెలియదు. ఆమె తాతయ్య వైపు సూటిగా చూసింది. కోపం తీర్చుకోవాలంటే ఒక్క మాట చాలు. ఆ మాట కోసమే మేం అంత దూరం వెళ్లాం.

"ఉండెనో లేదో నాకు తెల్దు. నేను సూడలేదు. సూడంది నేను సెప్పను."

తాతయ్య తల దించుకున్నాడు. ఆమె మళ్లీ కాయలు ఒలవసాగింది. ఒక దోసెడు గింజలు నా ఒళ్లో పోసి, "తినమ్మా" అంది. 

అప్పుడు తాతయ్య అన్నాడు. "నేను సూసినానక్కా."

కరువప్పుడు ఆయనకు ఎనిమిదేళ్లు. వానలు పడ్డాక, పగటిపూటే, తలుపులు వేసి పెరట్లో పాతర తెరిచారట. లోపలి ఆవిరి పోయేదాకా పిల్లలను దగ్గరికి రానివ్వలేదట. పాతజొన్నల ముక్క వాసన ఇల్లంతా వచ్చిందట. "ఆ ఏడంతా మా ఇంట్లో ఒక్క పూట గూడ పొయ్యి ఆగలేదు. నేను తిన్యాను," అన్నాడు. ఏడాదిగా ఆయన వెతుకుతున్న సాక్ష్యం ఆయన దగ్గరే ఉంది. తాను చూసింది పొరపాటని చెప్పే కాగితం ఎక్కడైనా దొరుకుతుందేమోనని తిరిగాడేమో. అలా నాకిప్పుడు అనిపిస్తుంది. అప్పుడు ఇదేమీ తెలియదు.

అవ్వ చేతిలోని కాయ పక్కన పెట్టింది. తర్వాత, "నీది ఎనిమిదేండ్ల వయసు. నువ్వేం సేస్తావు లే," అంది. ఆ తర్వాత, "రాస్తావా?" అని అడిగింది.

రాశాడు. ఆయన చెబుతుంటే నోటుబుక్కులో నేనే రాశాను. గంజి పోసిన పదిహేను రోజులూ రాయించాడు. తండ్రి మంచితనాన్ని ఒక్క గీత కూడా తగ్గించలేదు. ఇరవై ఆరు పేర్లూ రాయించాడు. జ్వరం అన్నది రిజిస్టరు మాట అనీ, ఒళ్లు చల్లగా ఉండిందన్నది అవ్వ మాట అనీ విడివిడిగా రాయించాడు. పాతర సంగతి దగ్గర, "ఇది నేను చూశాను" అని రాయించాడు.

ఆ పుస్తకం అచ్చు కాలేదు. ఊరివాళ్లు చదివి తిరిగి పంపేశారు. మా నాన్న ఆయనతో మాట్లాడడం మానేశాడు. రాయి మాత్రం లేచింది. ఒక్కరిని కూడా చావనివ్వలేదని దాని మీద చెక్కారు. ఇప్పటికీ ఉంది. రెండేళ్లకు తాతయ్య పోయాడు. ఆ నోటుబుక్కు నా పెట్టెలో ఉంది.

ఈ మధ్యే నా భర్త చనిపోయారు. సంవత్సరీకానికి ఆయన జీవితం గురించి నాలుగు పేజీలు రాయమని పిల్లలు అడిగారు. రాశాను. చివరి నెలల దగ్గరకు వచ్చి, "తుదిదాకా ఆయన పక్కనే ఉన్నాను" అని రాశాను. చదివినవాళ్లంతా బాగుందన్నారు. కాదనడానికి ఇంకో సాక్షి లేరు.

ఒక మధ్యాహ్నం ఆయన మంచినీళ్ల కోసం పిలుస్తుంటే, తలుపు దగ్గరికి వేసి బయట మెట్ల మీద కూర్చున్నాను. అలసిపోయాను. ఆయన ఎనిమిదిసార్లు పిలిచారు. తర్వాత పిలవలేదు. ఆ తర్వాతే లోపలికి వెళ్లాను.

నాలుగు పేజీలూ మళ్లీ చదువుకుంటుంటే, "పక్కనే ఉన్నాను" అన్న వాక్యం దగ్గర నా వేలు తనంతట తానే బల్ల మీద రెండుసార్లు తట్టింది. వెనక్కి పోయి దాన్ని కొట్టేసి, మెట్ల మీద కూర్చున్నదీ, ఎనిమిది పిలుపులూ రాశాను.