తమ్ముడి లారీ ఎందుకు లాగలేదు

రేవు దగ్గర లోడు కోసం వరసలో పెట్టిన లారీలో, మధ్యాహ్నం వాన పడుతుంటే అద్దాలు మూసుకుని, ఇంజను ఆపకుండా ఏసీ వేసుకుని మా తమ్ముడు పడుకున్నాడు. వరస కదిలినా లేవలేదు. మందు చౌకగా దొరికే ఊరు మాది. యానాం వాడు బండిలో చచ్చిపోతే ఎవరూ రెండో కారణం వెతకరు. తాగి పడుకున్నాడన్నారు. పోస్టుమార్టానికి అమ్మ ఒప్పుకోలేదు కాబట్టి ఆ మాటే నిలిచిపోయింది. వాడు తాగుడు మానేసి నాలుగేళ్ళయిందని నాకూ మరదలికీ తెలుసు. నిజంగా తెలుసా అన్నది మాత్రం ఒకరినొకరం అడగలేదు.

చివరి నెలల్లో లారీ లాగడం లేదని, నల్లపొగ కక్కుతోందని వాడు అంటూండేవాడు. వాడు పోయి నెల తిరిగాక ఒక డ్రైవర్ని బతిమాలి దాన్ని ఫరంపేటలో ఒక పాత మెకానిక్ దగ్గరికి తోలించాను.

ఆయన ఎయిర్ ఫిల్టర్ చూశాడు, డీజిల్ చూశాడు. తర్వాత టర్బో దగ్గర పొగగొట్టం ఊడదీసి స్టార్ట్ చేయించాడు. చెవులు పగిలే మోత. ఇంజను మాత్రం ఒక్కసారిగా అందుకుంది.

"ఇంజను రాయిలా ఉందండి మాస్టారూ. పొగ బయటికి పోయే దారే లేదు. ముక్కు మూసి పరుగెత్తమంటే ఎంతసేపు పరుగెడతాం?"

సైలెన్సర్ని సుత్తితో తట్టాడు. లోపల ఏదో గలగలమంది. కోసి చూపించాడు. లోపలి రేకులు తుప్పుపట్టి, విరిగి, దారికి అడ్డంగా పడి ఉన్నాయి. అడుగున ఎండిన గోదావరి ఒండ్రు. క్యాబిన్ కింద గొట్టం అతుకు చుట్టూ మసి.

"వెనక దారి మూసుకుపోయి పొగ ఇక్కడ తన్నుకొచ్చిందండి. సీటు కిందే ఇది."

"అందుకే పోయాడా?"

"నేను డాక్టర్ని కాదు కదండీ. నేనైతే ఈ బండిలో అద్దాలేసుకుని పడుకోను." ఆ ఒండ్రుని వేలితో గీకి, "వరదకి గొట్టం మూసి, తియ్యడం మర్చిపోయారేటండి? నీళ్ళు లోపలే నిలిచిపోయి రేకుల్ని తినేసినట్టున్నాయి," అన్నాడు.

వరదొస్తోందంటే లారీల పొగగొట్టాల్లో గోనె కుక్కడం ఇక్కడ అందరూ చేసేదే. కిందటి వరదకి తమ్ముడు జ్వరంతో ఉంటే నేనే కుక్కాను. నీళ్ళు అతుకుల్లోంచి ఎలాగూ లోపలికెళ్ళాయి. వరద తీశాక గోనె పీకి వాటిని కారనివ్వాలి. వాడు మంచం దిగేదాకా, నెలన్నర, దాన్ని నేను తియ్యలేదు. బండిని జాగ్రత్తగా కాపాడుతున్నాననుకున్నాను.

మరదలికి అంతా చెప్పాను. ఆమె బియ్యం ఏరడం ఆపి చేట పక్కన పెట్టింది.

"ఆయన తాగలేదని ఊళ్ళో చెప్పండి బావగారూ."

"చెప్తానమ్మా."

"గోనె సంగతి కూడా చెప్పండి. సగమే చెప్తే, అన్న కాబట్టి వెనకేసుకొస్తున్నాడంటారు."

మర్నాడు పొద్దున లారీ స్టాండులో నిలబడి రెండూ చెప్పాను. ఒకాయన టీ గ్లాసు కిందపెట్టి, తన లారీ వెనక్కి వెళ్ళి, వంగి పొగగొట్టంలోకి చూసుకున్నాడు.