హద్దురాళ్లకు సున్నం

బాపు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడల్లా మొదట చేసే పని ఒకటే. ఆదిలాబాద్ శివారులో మేం వాయిదాల మీద కొంటున్న ప్లాటుకు పోయి, నాలుగు హద్దురాళ్లకు సున్నం వేయడం. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. రాళ్లు తెల్లగా ఉంటే భూమి మనదేనని ఆయన నమ్మకం. నేను సివిల్ డిప్లొమా చదివినవాణ్ని. టేపు పట్టి నాలుగు పక్కలూ, రెండు కర్ణాలూ కొలిచి, అంతా సరిగ్గా ఉందని చెప్పేవాణ్ని.

పోయిన ఏడు బాపు కంపెనీ జీతాలు ఆపింది. మా వాయిదాలూ ఆగాయి. ప్లాటు అమ్మినాయన ఇంటికొచ్చి చాయ్ తాగాడు.

"ఫికర్ చెయ్యకు వదినా, అన్న జీతం వచ్చినంక కడుదురు. మీ పిలగాడు ఊకె కొలుస్తనే ఉంటడు, భూమి ఏడికన్న పారిపోతదా?"

అవ్వ నవ్వింది. ఆ మాట కాయిదం మీద రాసియ్యమని అడగలేదు. మన ఇంట్లో చాయ్ తాగిన మనిషిని కాయిదం అడిగితే అవమానించినట్టే మా దగ్గర.

ఈ ఎండాకాలం పోయి చూస్తే రాళ్లు లేవు. ఎవరో పునాది తవ్విస్తున్నారు. ప్లాటు అమ్మినాయన మాకు చెప్పకుండానే దాన్ని ఇంకొకరికి అమ్మేశాడు.

వకీలు మూడు విషయాలు చెప్పాడు. మా ప్లాటున్నంత పెద్ద లేఔట్‌ను అమ్మకానికి ముందే స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరాలో నమోదు చేయాలి. ధరలో పదోవంతు కన్నా ఎక్కువ తీసుకునే ముందు ఒప్పందాన్ని రిజిస్టర్ చేయాలి. నోటీసు ఇవ్వకుండా రద్దు చేయకూడదు. మా విషయంలో ఒక్కటీ జరగలేదు.

"ఫిర్యాదు గట్టిగనే నిలబడ్తది. ఒప్పందం మీ అవ్వ పేరున్నది, ఆమెతోని సంతకం వెట్టియ్యి."

అవ్వ పెన్ను ముట్టలేదు.

"గా ప్లాటు అమ్మినాయన తమ్ముడే కదరా, మస్కట్‌ల మీ బాపు మీద ఫోర్‌మన్. బాపు పాస్‌పోర్టు వాని బీరువలనే ఉన్నది."

"వాళ్లు పెట్టుకోవద్దవ్వా, అది తప్పు. ఆడ గూడ చట్టం ఉన్నది."

"ఉంటది బిడ్డా. ఈడ గూడ ఉండె కద."

ఆ సాయంత్రం బాపుకు ఫోన్ చేశాం. ఆయన మేస్త్రీ, అంతా విని పునాది గురించే అడిగాడు.

"ఎంత లోతు తవ్విండ్రు?"

"మోకాలి దాక."

"కాంక్రీట్ పోసిండ్రా?"

"ఇంక పొయ్యలే బాపూ."

"అయితే జర టైమున్నది. సెలవు అడుగుత. నేను ఈడికెల్లి ఎల్లినంక సంతకం వెట్టుండ్రి."

ఆ సెలవు ఇవ్వాల్సింది కూడా ఆ ఫోర్‌మనే.

రోజూ పనికి పోతూ బండి అటు తిప్పుతున్నాను. నిన్న అక్కడ కంకర కుప్ప పడింది. బాపుకు ఇంకా చెప్పలేదు.